బెట్టకు ఏ క్లోవర్ నిలుస్తుంది: రకం పేరు కంటే ముందు వేరును చూడండి

పశువుల మేతకు వేసే పప్పుజాతి మొక్క క్లోవర్ గురించి మీరు అడిగిన ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. విత్తన కేటలాగుల్లో దాదాపు ప్రతి క్లోవర్ రకం పక్కనా "బెట్టను తట్టుకుంటుంది" అని రాసి ఉంటుంది కదా, వాటిలో నిజంగా తట్టుకునేది ఏది? అలాంటి రకం వేస్తే పెరుగుదల మందగించి మేత తగ్గిపోతుందా?

రెండో ముక్కకు ముందు జవాబు చెప్తాను, ఎందుకంటే మొదటిది దాని మీదే ఆధారపడి ఉంది. అవును, తగ్గుతుంది. నేలలో పదును బాగా ఉన్న నెలల్లో బెట్టకు నిలిచే క్లోవర్ మిగతావాటి కంటే చాలావరకు వెనకబడే ఉంటుంది. వేరు లోతుకు దించడానికి, నేల కింద పిండిపదార్థం దాచుకోవడానికి, గింజ కట్టడానికి ఖర్చయిన ఆహారం ఆకుకు అందదు. అయితే నాలుగైదేళ్ల మేత మొత్తం కలిపి చూస్తే లెక్క మారిపోతుంది. మొదటి ఏడాది మోకాలెత్తు పెరిగి, రెండో వేసవి దాటేసరికి ఖాళీ మచ్చలుగా మిగిలే పైరు కంటే, మొదట నిదానంగా ఉండి ఐదో ఏడాది కూడా చేను నిండుగా ఉండే పైరే ఎక్కువ మేత ఇస్తుంది. అందుకే రకం ఎంచుకునే ముందు మీరు తేల్చుకోవాల్సినవి మూడు: మీ దగ్గర బెట్ట ఏ కాలంలో వస్తుంది, ఎన్ని వారాలు ఉంటుంది, ఆ వారాల్లో మీకు పచ్చిమేత కావాలా లేక మొక్క ప్రాణంతో ఉండి వాన పడగానే చిగురిస్తే చాలా. ఈ మూడూ తెలియకుండా ఎవరు రకం పేరు చెప్పినా నమ్మకండి.

క్లోవర్ మొక్కలు బెట్టను మూడు దారుల్లో దాటుతాయి. ఏకవార్షిక రకాలు బెట్ట రాకముందే పూసి, గింజ కట్టి, చచ్చిపోతాయి. ఎండాకాలమంతా గింజ రూపంలో గడిపి మళ్లీ వానకు మొలుస్తాయి. లోతు వేరున్న బహువార్షికాలు పై మట్టి ఎండిపోయినా కింద నుంచి నీరు తెచ్చుకుంటూ పచ్చగా ఉంటాయి. ఇంకొన్ని ఆకులన్నీ వదిలేసి, నేలలోని కాండంలోనో మొదలులోనో ప్రాణం నిలుపుకుని నిద్రపోతాయి. ఎండలో మేత కావాలంటే రెండో దారి మొక్కే పనికొస్తుంది. మొదటి, మూడో దారి మొక్కలు బెట్టలో మీకు మేత ఇవ్వవు, కానీ చేను మళ్లీ దున్ని విత్తే ఖర్చు తప్పిస్తాయి. కేటలాగులో ఒకే మాట రాసినా, వాటిలో ఏ రకం ఏ దారి పట్టిందో చూడాలి.

వేరు లోతు ఎంత తేడా తెస్తుందో ఒక చిన్న లెక్కతో చెప్తాను. మంచి ఒండ్రు గరప నేలలో మీటరు లోతుకు మొక్క తీసుకోగలిగిన నీరు సుమారు 150 మిల్లీమీటర్లు ఉంటుంది. ఎండ బాగా కాసే రోజుల్లో నిండుగా ఉన్న పైరు రోజుకు 5 మిల్లీమీటర్ల దాకా ఖర్చు పెడుతుంది. వేరు 30 సెంటీమీటర్లే దిగితే దానికి దక్కేది 45 మిల్లీమీటర్లు, అంటే తొమ్మిది రోజులు. మీటరు దిగితే ముప్పై రోజులు. నిజానికి నీరు తగ్గేకొద్దీ మొక్క వాడకమూ తగ్గుతుంది కాబట్టి రెండు లెక్కలూ కొంచెం సాగుతాయి, అయినా వాటి మధ్య తేడా అలాగే ఉంటుంది. ఇక ఇసుక నేలలో ఈ 150 అనేది సగానికి, అంతకంటే కిందికీ పడిపోతుంది. 40 సెంటీమీటర్ల దగ్గర గట్టి పొర అడ్డం పడితే, లోతు వేరు రకం కొన్నా దాని గుణం మీకు దక్కదు. అందుకే విత్తనం కొనకముందు పలుగు పట్టుకుని రెండు మూడు చోట్ల గుంత తవ్వి చూడమంటాను. చాలామంది ఈ పని చేయరు, చేస్తే సగం రకాలు వాటంతట అవే పక్కకు పోతాయి.

ఇప్పుడు తెల్ల క్లోవర్ సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ రాస్తాను, ఎందుకంటే ప్రపంచంలో పచ్చికబయళ్లలో అందరూ వేసేది ఇదే, బెట్టకు అందరి కంటే ముందు దెబ్బతినేదీ ఇదే. గింజ నుంచి మొలిచిన తెల్ల క్లోవర్‌కు మొదట తల్లివేరు ఉంటుంది. ఆ ఏడాది అది బెట్టను ఫర్వాలేదనిపించేలా తట్టుకుంటుంది. కానీ ఒకటి రెండేళ్లలో ఆ తల్లివేరు చచ్చిపోతుంది. అప్పటి నుంచి మొక్క మొత్తం నేల మీద పాకే కాండాల కణుపుల దగ్గర పుట్టే పీచు వేర్ల మీదే బతకాలి, వాటిలో ఎక్కువ భాగం పై 20 సెంటీమీటర్లలోనే ఉంటాయి. పైగా అసలు మొక్క అక్కడితో తెగి చిన్న చిన్న ముక్కలుగా విడిపోతుంది. ఒక్కో ముక్క దగ్గర ఉండే నిల్వ ఆహారం చాలా తక్కువ. అలాంటి సమయంలో ఎండ పడితే ముక్కలు గుంపులు గుంపులుగా పోతాయి. మొదటి వేసవి బాగా నిలిచిన తెల్ల క్లోవర్ రెండో, మూడో వేసవిలో ఒక్కసారిగా మాయమైందని చాలామంది ఆశ్చర్యపోతారు. విత్తనం మోసమనుకుంటారు. అది ఆ మొక్క జీవితక్రమం. ఒక్క ఏడాది ఫలితం చూసి తెల్ల క్లోవర్ రకాన్ని మెచ్చుకోవడం అందుకే తొందరపాటు అవుతుంది.

ఇంకో బలహీనత కూడా ఉంది. నీరు తగ్గుతున్నప్పుడు ఆకు మీది పత్రరంధ్రాలను వెంటనే బిగించడంలో తెల్ల క్లోవర్ అంత చురుకు కాదు. ఆకులు ముడుచుకుని ఎండకు అంచు తిప్పి నిలబడతాయి, కొత్త ఆకులు చిన్నవిగా వస్తాయి, తొడిమలు పొట్టివవుతాయి, అయినా నీరు పోతూనే ఉంటుంది.

రకాల మధ్య తేడాకు ఇందులో ముఖ్యమైన గుర్తు ఆకు పరిమాణం. పెద్ద ఆకు రకాలు ఎత్తుగా పెరిగి ఎక్కువ మేత ఇస్తాయి, కానీ వాటి పాకే కాండాలు లావుగా, కొద్దిగా ఉంటాయి. చిన్న ఆకు రకాలకు సన్నటి కాండాలు అల్లుకుపోయి చదరపు మీటరుకు చాలా ఎక్కువ కణుపులుంటాయి. బెట్టలో ఎన్ని పోయినా కొన్ని మిగులుతాయి. పెద్ద ఆకు రకమైన లాడినో ఉత్తర ఇటలీలో పో నది మైదానంలో నీటి పారకం కింద తయారైంది. దాని దిగుబడి చూసి నీళ్లు లేని చోట వేస్తే అది తన పుట్టుకకు విరుద్ధమైన పని చేయలేదు. అమెరికాలో జార్జియా విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన డ్యురానా కథ వేరు. పాత పచ్చికబయళ్లలో ఎండకు, పశువుల మేపుకు, గడ్డి పోటీకి ఓర్చి బతికిన మొక్కలను ఏరి దాన్ని తయారు చేశారు. ఆకు మరీ పెద్దది కాదు, కాండాలు దట్టం, పూత ఎక్కువ. మొదటి ఏడాది కోత చూసి దాన్ని తీసిపారేసేవాళ్లుంటారు, మూడో ఏడాది చూస్తే అభిప్రాయం మారుతుంది. హైఫా రకం ఇజ్రాయెల్ మూలం నుంచి వచ్చి ఆస్ట్రేలియాలో బాగా వ్యాపించింది. అది వేడికి కొంత ఓర్చుకుంటుంది, గింజ బాగా కడుతుంది. మొక్క చచ్చినా రాలిన గింజ నుంచి చేను మళ్లీ తయారవుతుంది. వేడి ఎక్కువగా ఉండే ప్రాంతాల్లో తెల్ల క్లోవర్ పేరుకు బహువార్షికమే అయినా, చలికాలపు ఏకవార్షికంలా ప్రవర్తిస్తుందని గుర్తుపెట్టుకోండి. అక్కడ ఆకు దిగుబడి కంటే గింజ దిగుబడి చూసి రకం ఎంచుకోవడం మేలు.

ఒక ఆసక్తికరమైన విషయం, మేతకు నేరుగా సంబంధం లేకపోయినా. తెల్ల క్లోవర్ మొక్కల్లో కొన్ని నలిపినప్పుడు సయనైడ్ విడుదల చేస్తాయి, కొన్ని చేయవు. ఇది రెండు జన్యువుల మీద ఆధారపడిన గుణం. 1954లో డాడే అనే శాస్త్రవేత్త యూరప్ అంతటా మొక్కలు పరిశీలించి, వెచ్చటి ప్రాంతాలకు వెళ్లేకొద్దీ సయనైడ్ ఉన్న మొక్కల వాటా పెరుగుతుందని చూపించాడు. తర్వాతి పరిశోధనలు పొడి వాతావరణానికీ దీనికీ సంబంధం ఉందని చెప్తున్నాయి. ఒకే జాతిలో ఒక్కో చోటి మొక్కలు ఆ చోటి ఎండకు ఎంతగా సర్దుకున్నాయో చూడండి. రకం పేరు కంటే అది ఏ నేల మీద ఎంపికైందో ముఖ్యమని నేను అనేది అందుకే.

లోతు వేరు కావాలంటే కాకేసియన్ క్లోవర్ వైపు చూడాలి. కొన్ని చోట్ల దీన్ని కురా క్లోవర్ అంటారు. దీనికి తల్లివేరు బలంగా దిగుతుంది, చచ్చిపోదు. పాకే కాండాలు నేల మీద కాకుండా నేల లోపల నడుస్తాయి, కాబట్టి ఎండ, పశువుల గిట్టలు, పళ్లు వాటికి తగలవు. బెట్టలో తెల్ల క్లోవర్ కంటే ఎక్కువ రోజులు పచ్చగా ఉంటుంది, బెట్ట మరీ ముదిరితే నేల కింద ప్రాణం దాచుకుంటుంది. ఇంత మంచిదైతే అందరూ ఎందుకు వేయరు? మొలక దశలో విపరీతమైన నిదానం. మొలిచిన మొక్క తన ఆహారాన్ని ముందు వేరుకు పంపుతుంది, పక్క కొమ్మలు చాలా ఆలస్యంగా వస్తాయి. ఈలోగా రైగ్రాస్ లాంటి దూకుడు గడ్డి దాన్ని కప్పేస్తుంది. మొదటి ఏడాది చేను చూస్తే డబ్బు నేలపాలైందనే అనిపిస్తుంది. అందుకని దీన్ని నేల వెచ్చబడుతున్న కాలంలో, గడ్డి కలపకుండా లేదా చాలా తక్కువగా కలిపి విత్తాలి. మరో షరతు రైజోబియం, అంటే వేరు బుడిపెల్లో ఉండి గాలిలోని నత్రజనిని మొక్కకు అందించే బాక్టీరియా. తెల్ల క్లోవర్‌కు పనిచేసే రైజోబియం దీని వేరు బుడిపెల్లో సరిగా నత్రజని స్థిరీకరించదు. కాకేసియన్ క్లోవర్ కోసమే ఎంపిక చేసిన రైజోబియం కల్చర్ పట్టించాలి. అది దొరక్కపోతే విత్తనం కొనకపోవడమే మంచిది, పసుపు పచ్చని నీరసం మొక్కలు తప్ప ఏమీ రావు.

ఈ రెండింటి గుణాలూ ఒకే మొక్కలో కలపాలని ప్రజననకారులు చాలాకాలంగా కష్టపడుతున్నారు. వేల్స్‌లోని అబరిస్టుయిత్ పరిశోధకులు తెల్ల క్లోవర్‌ను కాకేసియన్ క్లోవర్‌తో సంకరం చేసి, మళ్లీ తెల్ల క్లోవర్‌తో కలుపుతూ వచ్చి అబర్‌లాస్టింగ్ అనే రకం తెచ్చారు. చూడటానికి తెల్ల క్లోవర్‌లాగే ఉంటుంది, నేల లోపలి కాండం గుణం కొంత వచ్చింది, చలికీ బెట్టకీ ఓర్పు పెరిగింది. న్యూజిలాండ్‌లో మధ్యధరా ప్రాంతపు యూనిఫ్లోరం అనే చిన్న జాతితో తెల్ల క్లోవర్‌ను కలిపి చేసిన ప్రయోగాల్లో, నీరు తగ్గించినప్పుడు సంకర మొక్కల పెరుగుదల తెల్ల క్లోవర్ అంతగా పడిపోలేదు. ఈ దారిలో వచ్చే రకాల మీద నాకు చాలా ఆశ ఉంది. పెరుగుదలా ఓర్పూ రెండూ కావాలన్న మీ కోరికకు అన్నింటికంటే దగ్గరగా వచ్చేవి ఇవే.

ఎర్ర క్లోవర్ వేరు మీటరు దాటి దిగగలదు. ఒక నెలా నెలన్నర బెట్టలో పచ్చిమేత ఇచ్చే క్లోవర్ ఏదంటే నేను ముందు దీని పేరే చెప్తాను. సాధారణంగా రెండు మూడేళ్లకు మించి నిలవదు, మొదలు కుళ్లు తగిలితే ఇంకా ముందే పోతుంది. కోతకు చాలా బాగుంటుంది, ఎడతెగకుండా మేపితే పాడవుతుంది. స్ట్రాబెర్రీ క్లోవర్ ప్రత్యేకమైన చోట్లకు పనికొస్తుంది: చలికాలంలో నీరు నిలిచి, వేసవిలో పగుళ్లిచ్చే, కాస్త చౌడు తగిలిన పల్లపు నేలలు. పాలస్తీన్ అనే పాత రకం ఇప్పటికీ ఇలాంటి చోట్ల వినిపిస్తుంది. బర్సీం, పర్షియన్ క్లోవర్లను బెట్ట జాబితాలో పెట్టకండి. అవి నీటి తడుల మీద వేగంగా పెరిగి కోత మీద కోత ఇచ్చే పైర్లు. బర్సీంలో కూడా ఈజిప్టులో మిస్కావి, సైదీ, ఫాహ్లీ అని తేడాలున్నాయి. మిస్కావి మొదలు నుంచి పిలకలు వేసి ఎన్నో కోతలిస్తుంది, ఫాహ్లీ ఒక్క కోతతో సరి. నీటి వసతి ఒక్క తడికే ఉన్నప్పుడు ఫాహ్లీ తరహా రకం వేసి త్వరగా కోసుకోవడం తెలివైన పని, కానీ దాన్ని బెట్ట ఓర్పు అనలేం.

వేసవి మొత్తం వాన లేకుండా, చలికాలంలో మాత్రమే వానలు పడే చోటైతే పైన రాసిన బహువార్షికాలన్నీ పక్కన పెట్టి భూగర్భ క్లోవర్ చూడండి. పూత అయ్యాక కాయలను తనే మట్టిలోకి దించుకునే మొక్క ఇది. దక్షిణ ఆస్ట్రేలియాలో మౌంట్ బార్కర్ దగ్గర 1889లో ఏమస్ హోవార్డ్ అనే రైతు దీని విలువ గుర్తించి ప్రచారం చేశాడు. ఆ దేశపు పేద నేలల్లో పచ్చికబయళ్లు నిలబడటానికి ఇదే పెద్ద ఆధారమైంది. దీనిలో రకం ఎంపిక అంటే దాదాపుగా పూత కాలం ఎంపికే. పశ్చిమ ఆస్ట్రేలియాలోని పెర్త్ పరిస్థితుల్లో నుంగారిన్ రకం విత్తిన సుమారు 77 రోజులకు పూతకు వస్తుంది, మౌంట్ బార్కర్ రకానికి దాదాపు 137 రోజులు పడుతుంది. పూత తర్వాత గింజ గట్టిపడటానికి ఇంకో నెల పైనే పదును ఉండాలి. మీ వానలు ముగిసే తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టుకుని రకం ఎంచుకోండి. త్వరగా పూసే రకం వాన ఎక్కువున్న ఏడాది తక్కువ మేత ఇస్తుంది, ఆలస్యంగా పూసేది వాన తక్కువున్న ఏడాది గింజే కట్టదు. రెండింటినీ, మధ్యలో ఇంకొకదాన్నీ కలిపి విత్తడం నాకు నచ్చే పద్ధతి. ఏడాదిని బట్టి ఏదో ఒకటి గింజ బాగా పోస్తుంది.

ఈ జాతిలో గట్టి గింజ శాతం కూడా అడిగి తెలుసుకోండి. వేసవి మధ్యలో ఒక్క జల్లు పడి మళ్లీ ఎండ కాస్తే, మెత్తటి గింజలన్నీ మొలిచి మాడిపోతాయి. గట్టి పెంకున్న గింజలు నీరు పీల్చుకోకుండా తర్వాతి వాన కోసం, కొన్ని వచ్చే ఏడాది కోసం కూడా మిగులుతాయి. వానలు నమ్మకంగా లేని చోట ఇదే అసలైన బెట్ట ఓర్పు. పాత రకాల్లో యార్లూప్, డ్వాల్గనప్, డిన్నినప్ లాంటివి వేయకండి. వాటిలో ఫార్మోనోనెటిన్ అనే, స్త్రీ హార్మోనులా పనిచేసే పదార్థం ఎక్కువ. 1940లలో పశ్చిమ ఆస్ట్రేలియాలో గొర్రెలు కట్టు నిలవక మందలే దెబ్బతిన్నాయి. కొత్త రకాలన్నీ దీన్ని తగ్గించి తయారు చేసినవే. నేల గురించి ఒక్క మాట: నల్లటి, పగుళ్లిచ్చే, సున్నం పాలు ఎక్కువున్న నేలకు బ్రాకికాలిసినం ఉపజాతి రకాలు, నీరు నిలిచే చోటుకు యానినికం ఉపజాతి రకాలు. మామూలు భూగర్భ క్లోవర్ కొద్దిగా ఆమ్లత్వం ఉన్న నేలలకు సరిపోతుంది. ఇంకా తక్కువ వానకు రోజ్ క్లోవర్ ఉంది, మేత తక్కువే కానీ బీద నేలలో నిలుస్తుంది. యారోలీఫ్ క్లోవర్ వేరు మిగతా ఏకవార్షికాల కంటే లోతుకు దిగి వసంతం చివరిదాకా పచ్చగా ఉంటుంది.

వీటిలో కొన్నిటిని పక్కపక్కన పెట్టి చూసిన ఒక మంచి ప్రయోగం న్యూజిలాండ్‌లోని లింకన్ విశ్వవిద్యాలయంలో 2002 నుంచి 2011 దాకా జరిగింది. మాక్స్‌క్లోవర్ అని పేరు. వేసవి బెట్ట మామూలైన ఆ ప్రాంతంలో కాక్స్‌ఫుట్ గడ్డితో తెల్ల, కాకేసియన్, భూగర్భ క్లోవర్లను, బాలన్సా అనే ఇంకో ఏకవార్షిక క్లోవర్‌ను విడివిడిగా కలిపి, గొర్రెలను మేపుతూ పోల్చారు. గడ్డి కలిసిన పచ్చికల్లో ముందు నిలిచింది కాక్స్‌ఫుట్, భూగర్భ క్లోవర్ జోడీ. వసంతంలో పదును ఉండగానే వేగంగా పెరిగి, బెట్ట వచ్చేలోగా తన పని ముగించుకోవడం దాని బలం. అయితే మొత్తం మీద అన్నిటికంటే ఎక్కువ మేత ఇచ్చింది క్లోవర్ కాదు, లోతు వేరున్న మరో పప్పుజాతి మేత మొక్క లూసర్న్ (అల్ఫాల్ఫా). ఇది మీకు నేరుగా చెప్పాల్సిన విషయమే. మీ నేల లోతుగా, నీరు నిలవకుండా, ఆమ్లత్వం లేకుండా ఉండి, బెట్టలోనే మేత కావాలని పట్టుదల ఉంటే, క్లోవర్లలో వెతకడం కంటే చేనులో కొంత భాగం లూసర్న్‌కు ఇవ్వండి.

పెరుగుదల గురించి మీరు అడిగారు కాబట్టి బెట్టలో మొక్క లోపల ఏం జరుగుతుందో కొంచెం చెప్పాలి. ముందు ఆగేది ఆకు విచ్చుకోవడం. ఆకు తయారుచేసే ఆహారం ఇంకా బాగానే ఉంటుంది, కానీ కణాలు ఉబ్బడానికి నీటి ఒత్తిడి చాలదు. అందుకే చేను వాడినట్టు కనపడకముందే మేత పెరగడం తగ్గిపోతుంది. వాడిన తర్వాత నీరు పెట్టే అలవాటుంటే అప్పటికే వారం పది రోజుల పెరుగుదల పోయినట్టే. దాని వెంటనే దెబ్బతినేది వేరు బుడిపెల పని. నత్రజని స్థిరీకరణ బెట్టకు చాలా సున్నితం, చాలా పప్పుజాతి మొక్కల్లో కిరణజన్య సంయోగక్రియ కంటే ముందే పడిపోతుంది. ఒక టన్ను ఎండు మేత తయారయ్యేటప్పుడు క్లోవర్ సుమారు 25 నుంచి 30 కిలోల నత్రజని స్థిరీకరిస్తుందని ఒక అంచనా. కాబట్టి మేత తగ్గితే పక్కనున్న గడ్డికి కూడా తర్వాతి కాలంలో నత్రజని కొరత వస్తుంది. అదృష్టం ఏమిటంటే క్లోవర్ బుడిపెలు కొస దగ్గర పెరుగుతూనే ఉండే రకం. బెట్ట మరీ ఎక్కువ కాకపోతే అవే మళ్లీ పని మొదలెడతాయి, ఎక్కువైతే రాలిపోయి కొత్తవి పుట్టాలి, దానికి కొన్ని వారాలు పడుతుంది.

వేడినీ బెట్టనీ విడిగా చూడటం కూడా అవసరం. తెల్ల క్లోవర్‌కు 20 నుంచి 25 డిగ్రీల మధ్య హాయిగా ఉంటుంది. 35 డిగ్రీలు దాటితే నీళ్లున్నా పెరుగుదల దాదాపు ఆగిపోతుంది. అలాంటి చోట తడులు పెంచి దిగుబడి తేవాలని చూడటం వృథా.

భాస్వరం సంగతి చాలామంది మర్చిపోతారు. మొక్కకు అందే భాస్వరంలో ఎక్కువ భాగం పై 10, 15 సెంటీమీటర్ల మట్టిలోనే ఉంటుంది, అది వేరు దగ్గరకు చేరాలంటే మట్టిలో తేమ ఉండాలి. పై పొర ఎండితే, కింద నీరున్నా పైనున్న భాస్వరానికి తాళం పడినట్టే. లోతు వేరు రకం కూడా బెట్టలో ఒక్కోసారి ఎదగకుండా ప్రాణం మాత్రం నిలుపుకోవడానికి ఇదొక కారణం. క్లోవర్ వేర్లు గడ్డి వేర్ల కంటే లావుగా, తక్కువ నూగుతో ఉంటాయి కాబట్టి భాస్వరం, పొటాష్ పోటీలో గడ్డే గెలుస్తుంది. విత్తే ముందే భాస్వరం సరిపడా వేసి, వీలైతే విత్తనానికి కాస్త కిందికి పడేలా చేయండి. కోసి బయటికి తీసుకెళ్లే చేనులో ప్రతి టన్ను ఎండు మేతతో 20 నుంచి 30 కిలోల పొటాషియం పోతుంది. పత్రరంధ్రాలు తెరుచుకోవడం, మూసుకోవడం పొటాషియం మీదే నడుస్తుంది. అది తక్కువైన చేను అదే బెట్టకు ముందు వాడుతుంది. ఆమ్ల నేలలో సున్నం, మాలిబ్డినం కూడా చూసుకోండి, ఆ రెండూ సరిగా లేకపోతే బుడిపెలు పనిచేయవు.

విత్తడంలో ఎక్కువ చెప్పడానికి లేదు. గింజ చిన్నది, సెంటీమీటరుకు మించి లోతు వేయకండి, పై మట్టి గట్టిగా నొక్కండి, తగిన రైజోబియం పట్టించండి. మిశ్రమంలో తెల్ల క్లోవర్ హెక్టారుకు 3 నుంచి 4 కిలోలు, ఎర్రది ఒంటరిగా 8 నుంచి 12 కిలోలు సరిపోతాయి. బెట్టకు కనీసం మూడు నెలల ముందు మొక్క నేలలో ఉండాలి, వేరు దిగడానికి ఆ సమయం కావాలి.

మేపే పద్ధతి మీదే నిజానికి సగం ఫలితం ఉంటుంది. వసంతంలో గడ్డి దుబ్బు ఎత్తుగా పెరిగి క్లోవర్‌కు నీడ పడితే పాకే కాండాలు పెరగవు, కొమ్మలు వేయవు. కాబట్టి ఆ కాలంలో గట్టిగా, తరచుగా మేపండి. ఎండలు మొదలవగానే దీనికి పూర్తిగా విరుద్ధంగా చేయాలి: 5 నుంచి 7 సెంటీమీటర్ల ఆకు ఎప్పుడూ మిగిలేలా చూడండి. ఆ ఆకే నేలకు గొడుగు. మేత లేదు కదా అని నేల బారుగా మేపేస్తే పాకే కాండాలు నేరుగా ఎండకు పడతాయి, మట్టి పైభాగం కాలి కణుపులే మాడిపోతాయి. బెట్టలో పోయిన తెల్ల క్లోవర్‌లో చాలా భాగం నీరు లేక కాదు, ఇలా బట్టతల చేసి వదలడం వల్లనే పోతుందని నేను గట్టిగా నమ్ముతాను. మేత అయిపోతే పశువులను ఒక చిన్న మడికి పరిమితం చేసి దాణా, ఎండుగడ్డి అక్కడే పెట్టండి. ఆ మడి పాడైనా మిగతా చేను మిగులుతుంది. ఎర్ర క్లోవర్‌నైతే మొదలు పైన నాలుగు వేళ్ల ఎత్తు వదిలి కోయండి, కోతకూ కోతకూ మధ్య ఆరు వారాలైనా ఇవ్వండి. భూగర్భ క్లోవర్, హైఫా లాంటి గింజ మీద ఆధారపడే రకాలకు రెండు మూడేళ్లకోసారి పూత సమయంలో మేపు తగ్గించి గింజ రాలనివ్వాలి.

మీ చేనులోనే ఒక చిన్న పరీక్ష పెట్టుకోమని నా సలహా. మూడు నాలుగు రకాలను పొడవాటి పట్టీలుగా, ఒక్కో రకం కనీసం రెండు చోట్ల, ఒకటి మెరక వైపు, ఒకటి పల్లం వైపు వచ్చేలా విత్తండి. మొదటి ఏడాది కోత తూకం రాసుకోండి కానీ దాన్ని బట్టి నిర్ణయం తీసుకోకండి. ప్రతి వేసవి తర్వాత, వాన పడిన నెల రోజులకు ఒక అడుగు చదరపు చట్రం నేల మీద పెట్టి, లోపల ప్రాణంతో పెరుగుతున్న కాండం కొసలు లెక్కపెట్టండి. వసంతంలో ఉన్న లెక్కతో పోల్చండి. ఆకు ఎంత పచ్చగా ఉందో చూస్తే మోసపోతారు, కొసల లెక్క మోసం చేయదు. కాకేసియన్ క్లోవర్ పట్టీలోనైతే పైన లెక్కపెట్టి ఊరుకోకుండా పారతో ఒక గడ్డ తీసి నేల కింద కాండం ఎంత దూరం నడిచిందో చూడండి. మూడో వేసవి తర్వాత వచ్చే లెక్కే మీ రకాన్ని చెప్తుంది.

వాన పడిన వెంటనే చేసే పని కూడా రాసి ముగిస్తాను. మొదటి చిగురు పాత నిల్వ ఆహారంతో వస్తుంది. ఆ చిగురును మేపేస్తే మొక్క దగ్గర రెండోసారి చిగురించడానికి ఏమీ మిగలదు. ఒక్కో కాండానికి మూడు పూర్తి ఆకులు విచ్చుకునేదాకా, సాధారణంగా మూడు నాలుగు వారాలు, పశువులను రానివ్వకండి. ఆ తర్వాత వదిలే మొదటి రోజు ఆకలి మీద వదలొద్దు. బెట్ట తర్వాతి లేత క్లోవర్‌తో కడుపుబ్బరం త్వరగా వస్తుంది, ముందు ఎండుగడ్డి కడుపునిండా పెట్టి, గంటసేపు మేపి బయటికి తోలండి, రోజురోజుకూ సమయం పెంచండి.